నిలబెట్టి అడిగితే

మొదటిసారి టక్కుమన్నది ఏప్రిల్లో,
మంచు కరిగి నరిన్ రోడ్డుకి ఎముకలు తేలిన వారం.
ఒక్కసారే.
అప్పులవాడెవడో తలుపు తట్టి
మనసు మార్చుకుని వెళ్ళిపోయినట్టు.

నేను పశువుల డాక్టర్ని.
కడుపుబ్బిన గుర్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని
పేగుల గొణుగుడు వినడం నా బతుకుతెరువు.
నా నివా బండికి ముప్పై ఏడేళ్ళు.
నాలుగు చక్రాలూ లాగుతాయి, నాలుగూ మూలుగుతాయి,
ఆ మూలుగులన్నీ నాకు కంఠతా వచ్చు.
ఇది వాటిలోది కాదు.

మే నెలకి దానికి చనువు పెరిగింది.
నలభైలో టక్. యాభైలో టకటక.
ఎడమకి తిప్పితే మరీనూ.
గేరు తీసేసి వాలులో వదిలితే
ఇంజను సద్దుమణిగేది, చప్పుడు మాత్రం వెంటే వచ్చేది.

తలా ఒక చెవి అరువిచ్చారు.
వెన్న అమ్మే బుర్మా, షాకబ్జార్బర్ అంది.
మా మరిది, బేరింగ్ అన్నాడు, చెయ్యి కూడా పెట్టకుండా.
ముల్లా గారు, అమ్మెయ్యమన్నారు.

స్టెతస్కోపు పెట్టి చూశాను, సిగ్గు విడిచి,
గేర్‌బాక్సు మీద, ఇరుసు మీద.
ఏమీ లేదు.
డాక్టర్ని చూడగానే కుంటడం మానేసే గుర్రాలుంటాయి,
అచ్చం అలాగే.

"నిలబెట్టి అడిగితే ఏ బండీ నిజం చెప్పదమ్మా,"
అన్నాడు సగిన్‌బాయ్,
ఒకప్పుడు కల్ఖోజ్ గ్యారేజీ అంతా తన గుప్పిట్లో ఉన్నవాడు.
వెనకసీటు ఊడబీకి, నమ్దా పరిచి,
టోపీ మడిచి దిండు చేసుకుని
డెబ్బై ఏళ్ళ మనిషి బోర్లా పడుకున్నాడు, చెవి రేకుకి ఆనించి.
"నలభై ఐదు. పెంచకు, తగ్గించకు."

వంతెన దగ్గర పోలీసు తాలాయ్ ఆపాడు.
లోపలికి వంగి చూశాడు.
"ఆసుపత్రికా?"
"కాదు, వింటున్నాడు."
ఒక్క క్షణం ఆలోచించి
తనూ ఎక్కి కూర్చున్నాడు.

దొరికింది. వెనక షాఫ్టు, క్రాసు జాయింటు.
విప్పితే సూదుల్లాంటి రోలర్లన్నీ
మిరప్పొడి రంగు తుప్పై అరచేతిలో రాలాయి.
కొత్తది వేశాం. తాలాయ్ చెయ్యి కడుక్కోకుండానే
చప్పట్లు కొట్టాడు.

మర్నాడు, ఎడమ మలుపులో,
టక్.
పాతది కాదు. మెత్తనిది, ఆలస్యంగా వచ్చేది.
ఇన్నాళ్ళూ పెద్దదాని చాటున నక్కి ఉన్నది.
ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు,
పోనీ, సగిన్‌బాయ్ పట్టాడు:
వెనక చక్రం పైన, లోపలి రేకు విప్పి,
మోచేతి దాకా చెయ్యి దూర్చి,
దూడని లాగేటప్పుడు నేను పెట్టే మొహమే పెట్టి,
లాగాడు.

పానా. పంతొమ్మిదో నెంబరు.
పిడి మీద గాటు, అతని గాటే.

చాలాసేపు తుడిచాడు. తుడవడానికేం లేదు దానికి.
"ఇది కల్ఖోజ్ బండిగా ఉన్నప్పుడు," అన్నాడు,
"ఎసెన్ అని ఒక కుర్రాడుండేవాడు నా దగ్గర.
పదిహేనేళ్ళు. చెవి అంటే వాడిది చెవి.
పానా పోయిందని ఆవరణలో, అందరి ముందూ
నిలబెట్టి అడిగాను."

ఆ మాట అన్నాక తనే విన్నట్టున్నాడు.
ఇంకేం చెప్పలేదు.
రేకు మళ్ళీ బిగించాడు, ఒక స్క్రూ తక్కువగా.

అత్‌బాషీ వైపు పనుందా నీకు, అని అడిగాడు.
లేదు. ఉందన్నాను.
నలభై ఐదు కిలోమీటర్లు.
కుడి మలుపులు, ఎడమ మలుపులు,
బండి నోరు మెదపలేదు.
కనుమ దిగేటప్పుడు ఎక్కడో అడుగున సన్నగా కిర్రుమంది,
ఇద్దరం విన్నాం, ఇద్దరం ఊరుకున్నాం.

టైర్ల కొట్టు పక్కన నీలం ఇనప గేటు.
దిగాడు. టోపీ సర్దుకున్నాడు.
పానా జేబులో పెట్టి, మళ్ళీ తీసి,
దాంతోనే గేటు మీద కొట్టాడు,
ఒకటి,
కాస్త ఆగి, ఇంకొకటి.

లోపల కుక్క మొరిగింది. చెప్పుల శబ్దమో, గాలో.
నేను ఇంజను ఆపేశాను,
వినబడాలని.